సున్నం పూసిన రాయి

ఎల్లారెడ్డిలో చాటింపు వేస్తే అది బజారు మలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. కామారెడ్డి రోడ్డు మీద కంకర పోస్తున్నారన్నా, సర్కారు బస్సు ఇకనుంచి రోజూ వస్తుందన్నా, బజారులో వెలుగు కోసం కందిళ్ల స్తంభాలు నాటుతున్నారన్నా, డప్పు మోగేది అంగళ్ల ముందే. ఆ మలుపు దాటి వాగు వైపు దిగితే వచ్చేది మునిగినోళ్ల వాడ. అక్కడికి డప్పు చప్పుడు వినిపిస్తుంది గాని మాట వినిపించదు. మాట వినిపించని మనిషి ఏం చేస్తాడు? తనకు తోచింది ఊహించుకుంటాడు. ఆ వాడలో ఊహించుకోవడంలో సాలవ్వను మించినవాళ్లు లేరు.

సాలవ్వ ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఏదో అడగడానికొచ్చారంటుంది. పలకరించకుండా పోతే ఏదో దాచుకుని పోతున్నారంటుంది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే సాలవ్వ ఒక కన్నే మూస్తుందని పొరుగింటి హన్మవ్వ ఎగతాళి చేస్తుంది. రెండో కన్ను ఎందుకు తెరిచి ఉంచుతుందో తెలిసినవాళ్లు మాత్రం నవ్వరు.

వాడకు ఆ పేరు ఊరికే రాలేదు. మంజీర మీద పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ల కింద పోయిన పల్లెల్లో ఒకదాని నుంచి మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చిన కూలీ కుటుంబాలవి. వచ్చి పదేళ్లు కావస్తున్నా ఎల్లారెడ్డి వాళ్లకు వాళ్లు ఇంకా మునిగినోళ్లే. సగంమంది యేసు ప్రభువును నమ్ముకున్నవాళ్లు, సగంమంది ఎల్లమ్మను నమ్ముకున్నవాళ్లు. నీళ్ల దగ్గర మాత్రం అందరిదీ ఒకటే గతి. ఊరి బావి గట్టు ఎక్కడానికి వీల్లేదు. గట్టు కింద కుండ పెట్టుకుని నిలబడితే, పైన తోడుకునేవాళ్లకు దయ కలిగినప్పుడు పోస్తారు. దయ కలగని పూట వాగులోకి దిగి, ఇసుకలో చెలిమ తవ్వి, చిప్పతో తోడుకోవాలి. ఎండాకాలం వస్తే ఆ చెలిమ కూడా ముఖం చాటేస్తుంది.

సాలవ్వ ఇంట్లో ఆ నీళ్లు మోసేది కోడలు లిదియా. కొడుకు సీమోను కామారెడ్డి స్టేషన్లో మూటలు మోసే పనికి కుదిరి, పండగకో పబ్బానికో వచ్చి పోతుంటాడు. లిదియా తొలిచూలు మనిషి. నిండుతున్న కడుపుతో వాగు ఒడ్డు ఎక్కి వచ్చేటప్పుడు ఒక చెయ్యి కడవ మీద, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని మధ్యలో ఆగుతుంది. అలా ఆగినప్పుడల్లా సాలవ్వ గుండె కూడా ఆగుతుంది. తాను మోద్దామంటే మోకాళ్లు ఏనాడో మాట వినడం మానేశాయి.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒకనాడు పొద్దున బాలమల్లు వాడలోకి వచ్చాడు. కచేరీ నుంచి ఏ అధికారి వచ్చినా ముందు నడిచి, సామాను మోసి, దారి చూపించే సుంకరి అతను. అతనిదీ మునిగిన ఆ ఊరే. అతని వెనక నెత్తిన టోపీ పెట్టుకున్న ఓవర్సీరు సాబు, ఇద్దరు గొలుసు పట్టే మనుషులు వచ్చారు. మూడు కాళ్ల దుర్బీను నిలబెట్టి సాబు ఒక కన్ను మూసి చూశాడు. చూసింది సరిగ్గా సాలవ్వ ఇంటి వైపే. ఆమె గోడ దగ్గర గొలుసు మొదలుపెట్టి, పేడకుప్ప దాటించి, దొడ్డి అంచు దాకా కొలిచారు. సాబు తురకంలో ఏదో అన్నాడు. బాలమల్లు నవ్వాడు. ఆ తర్వాత దొడ్డి అంచున ఒక రాయి పాతి, దానికి సున్నం పూసి, మీద జాజుతో ఎర్రగీత గీసి వెళ్లిపోయారు.

సాలవ్వ అలాంటి రాయిని అంతకు ముందు చూసింది.

పాత ఊళ్లోనూ ఇలాగే సాబులు వచ్చారు, ఇలాగే సున్నం పూసిన రాళ్లు పాతారు. రోడ్డు వస్తోందని ఊరంతా సంబరపడింది. సాలవ్వ మొగుడు యాకూబు అయితే గడ్డపార పుచ్చుకుని తన వాకిట్లో తానే గొయ్యి తవ్వి, రాయి కదలకుండా మట్టి దిమ్మిస కొట్టాడు. సాబుకు అంబలి కూడా ఇచ్చాడు. పిల్లలు ఆ రాళ్లెక్కి ఆడుకున్నారు. రెండు వానాకాలాలు గడిచాక మంజీర నీళ్లు వెనక్కి తన్ని, చేలు దాటి, వీధి దాటి, కొలిచినట్టుగా ఆ ఎర్రగీతల దాకా వచ్చి ఆగాయి. గీతల కింద ఉన్నవి ఏవీ మిగల్లేదు. పొయ్యిలోకి నీళ్లు రావడం సాలవ్వ కళ్లారా చూసింది. గోడలు నాని, ఒక్కొక్కటే కూర్చుండిపోయాయి. ఎల్లారెడ్డి వచ్చాక కూడా యాకూబు ఆ రాయి గురించే మాట్లాడేవాడు. "నా చేతులతోనే పాతిన" అనేవాడు. ఆ మాట అంటూ అంటూనే పోయాడు.

ఆనాడు రోడ్డు వస్తోందని చెప్పింది ఈ బాలమల్లే.

సాలవ్వ పరుగులాంటి నడకతో వెళ్లి మలుపు దగ్గర అతణ్ని పట్టుకుంది. "ఏంది తమ్మీ, మా దొడ్లె ఆ రాయేంది?"

"మంచి ముచ్చటనే అక్కా. మీ వాడకు సర్కారు బాయి తవ్విస్తది."

"బాయా? మాకా?"

"మీకే. మీ సొంతం. గట్టెక్కి మీ చేతులతోటి మీరే తోడుకోవచ్చు."

"ఆనాడు రోడ్డన్నవ్. వచ్చిందా రోడ్డు?"

బాలమల్లు, సాబు పిలుస్తున్నాడన్న సాకుతో వెళ్లిపోయాడు. సాబు పిలవనే లేదు. సాలవ్వకు ఇంకేం కావాలి? అనుమానం కాస్తా ఖాయమైపోయింది.

సాయంత్రం వాడలో ప్రార్థన నడిపే ఏసయ్య ఇంటి ముందు పదిమంది చేరారు. ఏసయ్య నెమ్మదైన ముసలాయన, ఎవరి మీదా చెడు అనుకోడు. "బాయే కావచ్చు సాలవ్వా. పెద్ద సాబు కామారెడ్డికి వచ్చినప్పుడు నేను పోయి అడిగిన. మా ఆడోళ్లు నీళ్లకు సస్తున్నరని చెప్పిన. చూస్త అన్నడు" అన్నాడు.

"చూస్త అన్నడు గద. చూసిపోయిండు" అంది సాలవ్వ. "బాయి తవ్వెటోడు నా గోడ ఎందుకు కొలుస్తడే అన్నా? దుర్బీను నా ఇంటి దిక్కు ఎందుకు వెడతడు? ఇండ్లు కూలగొడతరు. రోడ్డుకో, కాలువకో, ఇంకేందానికో. మన ఇండ్లకు పట్టాలున్నయా? లెవ్వమంటె లెవ్వాలె."

పట్టా మాట వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు. ఆ నేల సర్కారుది. ఉండమన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. పదేళ్లుగా ఉంటున్నారు, అంతే. హన్మవ్వ ముక్కు మీద వేలేసుకుని, "అమ్మా, మల్ల మూటలు కట్టాల్నా?" అంది. ఏసయ్య ఇంకేదో చెప్పబోయాడు గాని ఆయన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

లిదియా మాత్రం ఇంటికి వచ్చాక మెల్లగా అంది. "నిజంగ బాయే అయితె ఎంత బాగుంటది అత్తా! దొడ్లెనే నీళ్లు. కాన్పయినంక నువ్వే తోడిపెట్టొచ్చు."

సాలవ్వకు కోపం వచ్చింది. కోడలి మీద కాదు. ఆ ఆశను ఈ పిల్ల కళ్లలో పెట్టిన రాయి మీద. "గసొంటి ఆశలు పెట్టుకోకు బిడ్డా. మీ మామ గట్లనే పెట్టుకుండు" అంది.

మర్నాటి నుంచి ఆమె ఆ రాయి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పొద్దున చూసేది, పొద్దుగూకే వేళ చూసేది. దాన్ని చూసినప్పుడల్లా తన ఇంటి గోడకూ దానికీ ఉన్న ఎడం తగ్గినట్టే అనిపించేది. ఒకసారి పక్క చేను గంగారాం పటేలు కంచె దగ్గర నిలబడి ఆ రాయి వైపు చూడటం కనిపించింది. అతనెందుకు చూడాలి? ఇంకోసారి కచేరీ మనిషెవరో సైకిలు మీద పోతూ దిగి, రాయిని చూసి మళ్లీ ఎక్కి వెళ్లాడు. అతనెందుకు దిగాలి? ఇలా ప్రతిదీ ఒకదానికొకటి అతుక్కుని సాలవ్వ బుర్రలో ఇల్లు కూలిపోతూనే ఉంది.

చివరికి ఒకనాడు ఆమెకు బొగ్గుల సంగతి తట్టింది.

పొలాలకు హద్దురాయి పాతేటప్పుడు గోతిలో ముందు నాలుగు బొగ్గులు పోయడం ఆ వైపు పద్ధతి. రేపు ఎవరైనా దుర్బుద్ధితో రాయిని జరిపినా బొగ్గులు మట్టిలోనే ఉండిపోతాయి. అవి కుళ్లవు, కరగవు. తవ్వి చూస్తే అసలు హద్దు ఎక్కడో బయటపడుతుంది. అందుకే బొగ్గులున్న రాయి మీద చెయ్యి వేయడమంటే ఎంతటివాడికైనా భయం. సాలవ్వ ఒక పుల్ల తీసుకుని రాయి పక్కన మట్టి గీకి చూసింది. ఇంకా లోతుగా గీకింది. ఎర్రమట్టి తప్ప బొగ్గు ముక్క లేదు. సాక్ష్యం లేని రాయి. నిజాయితీగా పాతిన రాయి అయితే బొగ్గులు పోసి ఉండేవారు గదా? కచేరీ వాళ్లకు ఈ పద్ధతులు తెలియవనీ, వాళ్లు ఏ రాయి కిందా బొగ్గులు పోయరనీ ఆమెకు తోచలేదు. తోచినా నమ్మేది కాదు.

ఆదివారం నాడు వాడలో సగంమంది ఏసయ్య గుడిసెలో ప్రార్థనకు కూడారు. మిగతావాళ్లు కూలికి పోయారు. మోకాళ్ల నొప్పులని చెప్పి సాలవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. పాట మొదలయ్యేదాకా ఆగి, యాకూబు గడ్డపార తీసుకుని దొడ్డిలోకి నడిచింది.

ఎక్కడికి జరపాలో ఆమె ముందే ఆలోచించి పెట్టుకుంది. వాగులోకి దొర్లిస్తే సాబులు వచ్చి మళ్లీ పాతుతారు. హన్మవ్వ దొడ్డిలోకి తోస్తే పాపం. గంగారాం పటేలు చేనులో పెడితే? పటేలు మాటకు కచేరీలో కుర్చీ వేస్తారు. తన చేనులో ముంపురాయి కనిపిస్తే అతను ఊరుకుంటాడా? పోయి అరుస్తాడు, కొట్లాడతాడు, ఆ పని ఏదైనా సరే ఆపించేస్తాడు. పేదల మాట వినని సర్కారు పటేలు మాట వింటుంది. ఈ ఎత్తు తట్టినందుకు సాలవ్వకు తన మీద తనకే ముచ్చటేసింది.

గడ్డపారతో రాయిని పెకలించి, ఒక్కో పొర్లు పొర్లించుకుంటూ, ముళ్లకంచెలో సందు చేసి అవతలకు తోసింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. చెమట కళ్లలోకి దిగింది. చేనులో కొంత దూరం లోపలికి తీసుకుపోయి, గొయ్యి చేసి, ఎర్రగీత పైకి ఉండేలా నిలబెట్టి మట్టి కప్పింది. దొడ్డిలో పాత గుంటను పూడ్చి దాని మీద పేడ అలికింది. ఇంకా పాట అయిపోలేదు. ఆ పూట ఆమెకు అన్నం రుచించింది. పాత ఊరు మునిగాక మొదటిసారి నీళ్ల మీద తాను గెలిచినట్టనిపించింది.

గంగారాం ఎప్పుడు అరుస్తాడా అని ఆ వారమంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది. పటేలు అరవలేదు. ఒక ఉదయం ఎడ్లను తోలుకొచ్చి, రాయిని చూసి ఆగాడు. దాని చుట్టూ తిరిగాడు. కంచె వైపు చూశాడు, వాడ వైపు చూశాడు. ఆ తర్వాత తాపీగా రాయి మీద కూర్చుని చుట్ట కాల్చాడు. సాలవ్వకు ఆ తాపీతనం నచ్చలేదు. అయినా మధ్యాహ్నానికల్లా అతను తలపాగా చుట్టుకుని బండి కట్టించి కచేరీ వైపు పోవడం చూసి, కొట్లాటకే పోతున్నాడని నిమ్మళపడింది. తిరిగి వచ్చేటప్పుడు పటేలు బండిలో నవ్వుకుంటున్నాడు.

కొట్లాడి వచ్చిన మనిషి అలా నవ్వుకోడు.

ఆ తర్వాత రెండో రోజే బాలమల్లు వచ్చాడు. ఈసారి ముందు నడిచే ఠీవి లేదు. గడప దగ్గర కూలబడి, గొంతు తగ్గించి, "అక్కా, ఎంత పని చేసినవ్!" అన్నాడు.

"నేనేం చేసిన?"

"రాయి జరిపినవ్."

"నేను జరపలే."

"ఎవ్వల్తో చెప్తున్నవ్ అక్కా? పాతింది నేను. ఆడ పేడ అలికి ఉంటె నాకెర్క కాదా?" బాలమల్లు తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "జర ఇను. ఆ సాబు బదిలయి పోయిండు. కొత్తాయన వచ్చిండు. రాయెక్కడుంటె ఆడ తవ్వుమని ఆయనకు హుకుం. అంతకన్న ఆయనకేం తెల్వది. పటేలు పోయి, పేదోళ్ల బాయికి నా జాగ ఇస్త, నాకేం అక్కర్లేదు అన్నడట. సాబు ఖుషయిండు. వడ్డెరోళ్లు రేపో మాపో దిగుతరు."

బావి అన్న మాట ఈసారి సాలవ్వ లోపల ఎక్కడో తగిలింది.

"పటేలు చేన్ల బాయి పడితె అది ఎవ్వలిదయితది? నువ్వే చెప్పు" అన్నాడు బాలమల్లు. "నాతోటి కచేరీకి రా. తెల్వక జరిపిన సాబ్, రాయి మా దొడ్లె ఉండె అని ఒక్క మాట చెప్పు. నేనొక్కణ్నే చెప్తె, రాయికి కావలున్నది నువ్వే గదరా, జరిపింది నువ్వే అని నన్ను తంతరు. కింద బొగ్గులన్న పోసి ఉంటె తవ్వి చూపెట్టేటోణ్ని. అవ్వీ లేకపాయె. నువ్వు చెప్తెనే నమ్ముతరు."

"బాయే అయితె ఆ సాబు మాకెందుకు చెప్పలే? మా దొడ్లె రాయి పాతినప్పుడు, ఇది ఇందుకమ్మా అని ఒక్క మాట చెప్తె ఆయన నోరు అరుగుతదా?"

"చాటింపు వేసిండ్రు గద, బజార్ల."

"బజార్ల వేస్తె మాకెట్ల ఇనవడతది?"

బాలమల్లు నేల గీకుతూ, "ఆనాడు నాకూ రోడ్డనే చెప్పిండ్రు అక్కా. నా ఇల్లు మునగలేదా? నేనెందుకు అబద్ధమాడత?" అన్నాడు.

సాలవ్వ మనసు రెండుగా చీలింది. వాగు వైపు చూస్తే, కడవతో ఒడ్డెక్కుతున్న లిదియా మధ్యలో ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. చెప్పేస్తే? ఒక్క మాట. నాలుక చివరి దాకా వచ్చింది. అదే సమయంలో బాలమల్లు ఆమెను నమ్మించాలన్న ఆత్రంలో చెయ్యి చాచి, "నా పిల్లల మీద ఒట్టు అక్కా" అన్నాడు.

ఆ ఒట్టు వేయకుండా ఉండాల్సింది. పాత ఊళ్లో రోడ్డు వస్తోందని చెప్పినప్పుడు కూడా అతను యాకూబుకు ఇదే ఒట్టు వేశాడు. సాలవ్వకు ఒక్కసారిగా అంతా తేటతెల్లమైనట్టనిపించింది. కచేరీలో తన నోటితో తాను ఒప్పుకుంటే చాలు. సర్కారు రాయి జరిపిన దొంగ అంటారు. పట్టా లేని ఇల్లు. పొమ్మనడానికి వాళ్లకు ఇంకేం సాకు కావాలి? ఈ మనిషి దానికే వచ్చాడు. బావి మాటంతా ఎర.

"నేను జరపలే అన్న గద. పో తమ్మీ" అంది.

లిదియా గడప దగ్గరికి వచ్చేసరికి బాలమల్లు లేచి పోతున్నాడు. "ఏమంటున్నడు అత్తా?" అని అడిగింది కడవ దించుకుంటూ.

"ఏం లేదు బిడ్డా. పాత ఊరి ముచ్చట."

వడ్డెర్లు దిగారు. గంగారాం చేనులో గుడారాలు వేసుకుని, రాయి తీసి పక్కన పడేసి, అది ఉన్న చోటే పలుగు దించారు. సాలవ్వ రోజూ కంచె దగ్గర నిలబడి చూసేది. మొదటి రోజుల్లో ఆమె పెదవి విరిచింది. కాలువకైనా ముందు గొయ్యే తవ్వుతారని హన్మవ్వకు వివరించింది. గొయ్యి గుండ్రంగా దిగడం మొదలుపెట్టాక వివరించడం మానేసింది. ఎర్రమట్టి పోయి సుద్దమట్టి వచ్చింది, సుద్ద పోయి రాయి వచ్చింది, మందు పెట్టి పేల్చారు. పటేలు సొంతానికే తవ్వించుకుంటున్నాడేమో అని ఆమె చివరి ఆశ పెట్టుకుంది. అది అతని బావే అయితే తాను పోగొట్టుకున్నదేమీ లేదు. అలా అయితే బాగుండునని ఆమె ఎంతగా కోరుకుందో ఆ దేవుడికే తెలియాలి.

నీళ్లు పడ్డాయన్న రోజు ఏసయ్య ఊగిపోతూ వాడంతా తిరిగాడు. "మన బాయే! మన వాడ పేరు మీదనే మంజూరయిందట. సాబే చెప్పిండు. కుండలు తీసుకుని రాండ్రి" అని ఇల్లిల్లూ పిలిచాడు. ముసలాయన అంత గట్టిగా అరవడం ఎవరూ వినలేదు. లిదియా కడవ కడిగి, తలకు కాస్త నూనె రాసుకుని బయలుదేరింది. సాలవ్వ ఆమె వెనకే నడిచింది. ఎలా నడిచిందో ఆమెకే తెలియదు.

బావి బాగా కట్టారు. రాతి ఒర, చుట్టూ గచ్చు, గిరక, కొత్త మోకు. గంగారాం తలపాగా చుట్టుకుని, గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, తన జాగా కాబట్టి తొలి బొక్కెన తానే తోడి నీళ్లు నేల మీద చల్లాడు. కొత్త ఓవర్సీరు సాబు మెడలో పటేలే దండ వేశాడు. సాబు కాగితం చూడకుండానే, ఇది మునిగిన ఊరి వాళ్ల కోసం సర్కారు తవ్వించిన బావి అని చెప్పాడు. వాడవాళ్లు సంతోషంగా ముందుకు కదిలారు.

పటేలు చెయ్యి ఎత్తాడు. కోపంగా కాదు, ఇంట్లో పిల్లలకు చెప్పినట్టే నిదానంగా మాట్లాడాడు. "ఆగుండ్రి, ఆగుండ్రి. బాయి మీదే, నేను కాదంటలేను. జాగ నాది గద. మా ఇంటోళ్లు తాగాలె, నా మొక్కజొన్నకు పారాలె. గట్టు ఎక్కకుండ్రి. ఆ కంచె కాడ నిలబడుండ్రి, మా జీతగాడు తోడి పోస్తడు."

సాబు గడియారం చూసుకున్నాడు.

"సాబ్!" అని గొంతు వినిపించి అందరూ తిరిగి చూశారు. సాలవ్వ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. చెంగు జారిపోతున్నా చూసుకోలేదు. "సాబ్, ఆ రాయి ఈడ పాతలే. నా దొడ్లె పాతిండ్రు. నేనే పెకిలిచ్చి పటేలు చేన్ల పెట్టిన. బాయి మా జాగల రావాల్సింది సాబ్. తప్పు నాది. నన్ను జైల్ల వెట్టుండ్రి, ఏమన్న చేయుండ్రి. బాయి మాత్రం మాది."

సాబుకు సగమే అర్థమైంది. బాలమల్లు తల దించుకుని తురకంలో మిగతా సగం చెప్పాడు. సాబుకు కోపం రాలేదు. వస్తే సాలవ్వకు అదొక ఊరటగా ఉండేది. అతను నవ్వాడు. "అరే బుడ్ఢీ, పత్థర్ జరిపినవ్, సరే. బావ్లీ ఎట్ల జరపాలె?" అన్నాడు. గంగారాం కూడా నవ్వాడు. గట్టు మీద ఉన్న నలుగురూ నవ్వారు. ఆమెను జైల్లో పెట్టడానికి గాని, ఇల్లు పీకించడానికి గాని అక్కడ ఎవరికీ తీరిక లేదు. సాబు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

వాడవాళ్లు నవ్వలేదు. "ఏం పని చేసినవే సాలవ్వా" అంది హన్మవ్వ, తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు. ఏసయ్య కంచె పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. సాలవ్వ ఆయనతో ఏదో చెప్పబోయింది. "పట్టాలు లెవ్వు గద అన్నా, మల్ల ముంచుతరనుకున్న" అంది. ఆయన తల ఊపాడు గాని ఆమె వైపు చూడలేదు.

జీతగాడు తోడి పోయడం మొదలుపెట్టాడు. పైనుంచి పోస్తుంటే సగం కుండల్లో పడుతోంది, సగం మట్టిలో పడుతోంది. లిదియా తన వంతు వచ్చేదాకా నిలబడింది. కడవ ముందుకు పెట్టి, చీర తడుస్తున్నా పక్కకు జరగకుండా పట్టుకుంది. నిండీ నిండని కడవ ఎత్తుకోబోతే సాలవ్వ చేతులు చాచింది. లిదియా ఇవ్వలేదు. తానే నడుముకెత్తుకుని, ఒక అడుగు వేసి, ఆగింది.

"ఇల్లయితె మిగిలింది గద అత్తా" అంది.

గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. సాలవ్వ కోడలి ముఖంలోకి చూసింది. ఓదార్చిందా, దెప్పిందా? ఎవరి మాట వెనక ఏముందో ఇట్టే పసిగట్టే మనిషికి ఈ ఒక్క మాట వెనక ఏముందో అంతుపట్టలేదు. అడగొచ్చు. అడిగితే లిదియా దాచుకోకుండా నిజమే చెప్తుంది. ఆ సంగతి మాత్రం సాలవ్వ నమ్మింది, అందుకే అడగలేదు.